బకింగ్‌హామ్ కాలువ గట్టు మీద నడవాలనుకుంటే

సంక్రాంతి దగ్గర పడుతుంటే చెన్నైలో మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్రశ్న మళ్లీ మొదలవుతుంది. బకింగ్‌హామ్ కాలువ గట్టు పట్టుకుని నెల్లూరు దాకా నడిచి వెళ్లొచ్చా అని. అడిగేవాళ్లలో కొందరు పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి, వాషింగ్టన్‌లో మొదలయ్యే చెసపీక్-ఒహాయో కాలువ గట్టు మీద నాలుగడుగులు వేసి వచ్చినవాళ్లు. ఒకప్పుడు కంచరగాడిదలు పడవలు లాగిన దారి అది. ఇప్పుడు 184.5 మైళ్ల పొడవునా మైలురాళ్లు, టెంట్లు వేసుకునే చోట్లు, చేతి పంపులు ఉన్నాయి. ఇక్కడ అలాంటివేమీ ఉండవు. గట్టు కూడా అన్నిచోట్లా ఉండదు.

నన్నడిగితే, నడవొచ్చు. కానీ ముక్కలు ముక్కలుగా, చీకటి పడేసరికి ఇంటికో లాడ్జికో చేరేలా నడవాలి. కొన్ని ముక్కల్ని బస్సుకో రైలుకో వదిలేయాలి. మొత్తం నడిచి తీరాలన్న పంతం ఉన్నవాళ్లకు ఈ కాలువ మంచిది కాదు.

ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. మద్రాసు నుంచి ఎన్నూరు దాకా మొదటి ముక్క తవ్వింది 1806లో. అప్పట్లో దాన్ని కాక్రేన్ కాలువ అనేవారు. తర్వాత ఉత్తరానికి, దక్షిణానికి పెంచుకుంటూ పోయారు. ధాత కరువులో కూలీలకు పని కల్పించడానికి 1877-78లో కూవం, అడయారు నదుల్ని కలుపుతూ ఊరి మధ్యలో తవ్వారు. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ పేరు మొత్తం కాలువకు ఉండిపోయింది. బాపట్ల జిల్లా పెదగంజాం నుంచి తమిళనాడులో మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు. అందులో 257 ఆంధ్రలో, 163 తమిళనాడులో ఉన్నాయి. ఉప్పు, బియ్యం, సరుగుడు కట్టెలు పడవల్లో వచ్చేవి. గాలి లేనప్పుడు మనుషులే గట్టు మీద తాడు పట్టుకుని లాగేవారు. 1965, 66 తుపానులు కాలువను దెబ్బతీశాక ఆ రాకపోకలు పోయాయి. ఇప్పుడు అక్కడక్కడా పూడిక తీస్తారు గానీ, మనిషి నడిచే దారిగా గట్టును చూసే నాథుడు లేడు. మ్యాపులో నీలం గీత పక్కన సన్నటి దారి కనిపించిందని నమ్మి బయల్దేరితే, రెండు కిలోమీటర్ల తర్వాత అది ఎవరిదో రొయ్యల చెరువు కట్ట అవుతుంది.

ఎప్పుడు వెళ్లాలి

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వద్దు. ఈశాన్య రుతుపవనాల్లో ఈ కాలువ చెన్నైకి వరద కాలువ. 2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానప్పుడూ దాని పక్కనున్న పేటలు ఎలా మునిగాయో ఇక్కడున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. వాన ఆగిన వారానికే వెళ్లిపోకండి. పైన పొడిగా కనిపించినా గట్టు లోపల నానే ఉంటుంది, అంచు మీద కాలేస్తే పెళ్ల ఊడి నీళ్లలో పడుతుంది. జనవరి రెండో వారం నుంచి శివరాత్రి దాకా మంచి కాలం. తర్వాత ఎండ. గట్టు పొడవునా ఉండే సర్కారు తుమ్మ నీడ ఇవ్వదు, ముళ్లు మాత్రం ఇస్తుంది. మే నెల కత్తిరి ఎండల్లో ఆ ఆలోచనే పెట్టుకోకండి.

ఆకాశం నిర్మలంగా ఉన్నా సరే, వెళ్లే ముందు జలాశయాల వార్తలు చూడండి. పూండి గేట్లు ఎత్తితే ఆ నీళ్లు కొసస్తలయారులో పడి ఎన్నూరు వాగులోకి వస్తాయి. (తెలుగుగంగ ద్వారా మన కృష్ణా నీళ్లు చేరేది కూడా ఆ పూండికే.) చెంబరంబాక్కం గేట్లెత్తితే అడయారు ఉబ్బుతుంది. మీరున్న చోట చినుకు పడకపోయినా నీళ్లు పెరగొచ్చు.

ఊరి మధ్య ముక్క

బేసిన్ బ్రిడ్జి, కొరుక్కుపేట, తండయారుపేట వైపు గానీ, చేపాక్కం నుంచి తిరువాన్మియూరు దాకా గానీ గట్టు పట్టుకుని నడవకండి. చేపాక్కం తర్వాత ఎంఆర్‌టీఎస్ (ఊళ్లో ఎత్తున నడిచే లోకల్ రైలు) స్తంభాలు కాలువలోనే నిలబడి ఉన్నాయి, నడవడానికి చోటే లేదు. మురుగు నిలిచిన చోట్ల అడుగున విషవాయువు పేరుకుంటుంది కాబట్టి ఫొటో కోసం కూడా కిందికి దిగొద్దు. ఇంకో మోసం గుర్రపు డెక్క. ఆకుపచ్చగా, గట్టిగా, పచ్చిక మైదానంలా పరుచుకుని ఉంటుంది, కింద లోతెంతో తెలియదు. పిల్లల్ని తీసుకెళ్తే ఈ ఒక్క మాట ముందే చెప్పి ఉంచండి.

ఈ ముక్క చూడాలని ఉంటే ఎంఆర్‌టీఎస్ రైలెక్కి కిటికీ పక్కన కూర్చోండి. కొద్ది రూపాయల్లో కాలువ ఏమైపోయిందో మొత్తం కనిపిస్తుంది, చెప్పులకు బురద అంటదు.

నీళ్లు, బురద

అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇదే. ఈ కాలువ నదుల్ని, వాగుల్ని అడ్డంగా దాటుకుంటూ పోతుంది. దక్షిణాన ముట్టుకాడు, పాలారు. ఉత్తరాన కొసస్తలయారు, పులికాట్ సరస్సు, ఆ పైన స్వర్ణముఖి, కండలేరు, పెన్న. పడవకు ఇవి అడ్డు కాదు, నడిచేవాడికి ప్రతిదీ అడ్డే. సముద్రం పోటు ఈ నీళ్లలోకి వస్తుంది. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య సుమారు ఆరు గంటలు. పొద్దున పిక్కల లోతులో దాటిన పాయ మధ్యాహ్నానికి నడుం దాకా రావచ్చు. అమావాస్య, పౌర్ణమి చుట్టూ రెండు మూడు రోజులు పోటు మరీ ఎక్కువ. ఆ రోజుల్లో పాయలున్న ముక్కలు పెట్టుకోకండి.

నేను పాటించే లెక్క ఒకటుంది. అడుగు కనిపించకపోయినా, నీళ్లు మోకాలు దాటినా దిగను. రోడ్డు వంతెన ఐదారు కిలోమీటర్లు చుట్టైనా వంతెన మీదుగానే వెళ్తాను. ఈ చుట్లు ఉంటాయి కాబట్టే రోజుకు పదిహేను కిలోమీటర్లకు మించి ప్లాన్ వేయకూడదు. మెరీనాలో రోజూ పది కిలోమీటర్లు నడిచేవాళ్లకు ఇది తక్కువ అనిపిస్తుంది. గట్టు మీద ఒక పూట గడిచాక అనిపించదు.

చేతిలో మనిషెత్తు వెదురు కర్ర ఉండాలి. బురద నేల మీద ముందు కర్ర, తర్వాత కాలు. ఎన్నూరు దగ్గర థర్మల్ కేంద్రాల బూడిద మేట వేసిన చోట్లు ఇంకా ప్రమాదం. పైన పెచ్చు కట్టి, సిమెంటు గచ్చులా బూడిదరంగులో ఉంటుంది, అడుగేస్తే దిగిపోతుంది. ఎవరైనా కూరుకుపోతే కంగారులో అందరూ చుట్టూ మూగి లాగకండి, లాగేవాళ్లూ దిగిపోతారు. దిగినవాళ్లు వెనక్కి వాలి, బరువు ఒళ్లంతా పరచి, ఒక్కో కాలు మెల్లగా ఆడిస్తూ పైకి తీసుకోవాలి. మిగతావాళ్లు గట్టి నేల మీద నుంచి కర్రో తాడో అందించాలి. నీళ్లలో పడినా అంతే. ఈత వచ్చినా దూకకండి, విసరడానికి పదిహేను మీటర్ల తాడు ఒకరి సంచిలో ఉండాలి.

పులికాట్‌లో పడవెక్కే మాటైతే లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కొద్దు. 2011 క్రిస్మస్ రోజున అక్కడ పడవ బోల్తాపడి 22 మంది చనిపోయారు. పడవ మీద జనం ఎక్కువైతే దిగిపోండి, మొహమాటం వద్దు.

పాములు, కుక్కలు, కరెంటు

గట్టు మీద గుడారం వేసుకుని పడుకోవడం చాలామందికి సరదా. వద్దు. కట్లపాము తిరిగేది రాత్రిళ్లు, నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కాటేస్తుంది. నొప్పి కూడా సరిగ్గా తెలియదు, తెల్లారేసరికి రెప్పలు వాలిపోయి మాట రాదు. పగలు భయపడాల్సింది రక్తపింజరికి. ఎండు గడ్డిలో కదలకుండా పడి ఉంటుంది. చీలమండల దాకా దళసరి ప్యాంటు, చీలమండ కప్పే బూట్లు తప్పనిసరి. సర్కారు తుమ్మ ముల్లు పలచటి చెప్పును చీల్చుకుని పాదంలోకి దిగుతుంది, కాబట్టి టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో కూడా చూసుకోండి.

కాటు పడితే తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ చేయొద్దు. ఉంగరాలు, వాచీ తీసేసి, ఆ కాలో చెయ్యో కదలకుండా కర్రకట్టు కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుంటూ రోడ్డుకు చేర్చండి. 108 రెండు రాష్ట్రాల్లోనూ పనిచేస్తుంది. పామును వెతికి చంపే పని పెట్టుకోకండి. బయల్దేరే ముందు రోజే, దారిలో ఉన్న ప్రభుత్వాసుపత్రికి ఫోన్ చేసి పాముకాటు మందు ఉందో లేదో అడిగి రాసుకోండి. చాలామంది చేయని పని ఇదే. దక్షిణం ముక్కలో వెళ్తే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద వడనెమ్మేలిలో పాములు పట్టే ఇరుళ గిరిజనుల సహకార సంఘం ఉంది, దేశంలో ఆ మందు తయారీకి కావలసిన విషం చాలా భాగం ఇక్కడి నుంచే వెళ్తుంది. వీలుంటే ముందుగా అక్కడికి వెళ్లి మన దగ్గర ఎక్కువగా కాటేసే నాలుగు విషపు పాముల్నీ కళ్లతో చూసి గుర్తుపట్టడం నేర్చుకోండి.

జాలర్ల కుప్పాల దగ్గర, రొయ్యల చెరువుల దగ్గర కుక్కలు గుంపుగా వస్తాయి. పరిగెత్తకండి, కర్ర నేలకు ఆనించి నిలబడండి, ఎవరినైనా కేకేయండి. కరిస్తే, చిన్న గీత అయినా, సబ్బుతో పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి ఆ రోజే టీకా మొదలుపెట్టాలి.

నెల్లూరు వైపు వెళ్లేకొద్దీ రొయ్యల చెరువు కట్టల మీద ఏరేటర్లకు (నీళ్లలోకి గాలి కొట్టే యంత్రాలకు) వెళ్లే వైర్లు నేల మీదే పడి ఉంటాయి. తడి కట్ట, ఉప్పు నీళ్లు, అతుకులున్న వైరు. దాటేటప్పుడు తొక్కకండి, స్తంభాన్ని పట్టుకోకండి. చెరువులో చేతులు, బూట్లు కడగొద్దు. రొయ్యలకు వైట్ స్పాట్ తెగులు వస్తుందేమోనని రైతుకు కంటి మీద కునుకుండదు, మీ మీద అరిస్తే తప్పు పట్టకండి. అడిగి దాటితే చాలామంది కట్ట మీద పోనిస్తారు. కోవళం, మరక్కాణం వైపు ఉప్పు మడుల్లోనూ అంతే, గట్టు మీదే నడవాలి, మడిలో కాలు పెట్టకూడదు.

అడుగు పెట్టకూడని చోట్లు

శ్రీహరికోట షార్ (ఇస్రో రాకెట్ కేంద్రం) ప్రాంతంలోకి అనుమతి లేకుండా వెళ్లడానికి లేదు, కాలువ అటు పోతోందని మీరు పోకండి. రాకెట్ ప్రయోగం రోజుల్లో జాలర్లకే ఆంక్షలు ఉంటాయి. కల్పాక్కం అణు కేంద్రం, కాట్టుపల్లి, ఎన్నూరు పోర్టుల చుట్టూ కూడా కెమెరా సంచిలోనే ఉంచండి. డ్రోను ఇంట్లో వదిలేయండి. పులికాట్ పక్షుల అభయారణ్యం అటవీ శాఖది, ఫ్లెమింగోల కోసం నీళ్ల అంచుకు దిగే ముందు వాళ్లను అడగాలి.

అందుకే ఉత్తరం వైపు కాట్టుపల్లి దాటాక పులికాట్ ఊరి దాకా ఒక ముక్క, ఆపైన సరస్సు వదిలేసి పొన్నేరి వచ్చి, రైల్లో తడ, సూళ్లూరుపేట మీదుగా నెల్లూరు చేరి, మైపాడు చుట్టుపక్కల ఇంకో ముక్క. మొదటిసారి వెళ్లేవాళ్లు మాత్రం దక్షిణంతో మొదలుపెట్టండి. ముట్టుకాడు నుంచి మహాబలిపురం వైపు కాలువకు తూర్పున ఈసీఆర్ దగ్గరే ఉంటుంది, కాలు బెణికినా బస్సు దొరుకుతుంది.

సంచిలో

తాగే నీళ్లు మనిషికి మూడు నాలుగు లీటర్లు. తీరం ఊళ్లలో చేతి పంపు నీళ్లు ఉప్పగా ఉంటాయి, లెక్కలోకి తీసుకోవద్దు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ఒక్కోటి ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. ముళ్లు తీసే పట్టుకారు, కట్టు గుడ్డ, విజిల్, టార్చి, ఆఫ్‌లైన్ మ్యాపు, పవర్ బ్యాంకు. తిండి సంగతి మీ ఇష్టం గానీ, సంక్రాంతి రోజుల్లో దారిలో తేగలు దొరుకుతాయి, ఉడికించినవి నాలుగు కొని పెట్టుకుంటే కడుపు నిలుస్తుంది. నలుగురికి తక్కువ కాకుండా వెళ్లండి. ఇంట్లో ఒకరికి లైవ్ లొకేషన్ పంపి, ఏ వంతెన దగ్గర ఎన్నింటికి ఉంటారో చెప్పండి. పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టి సాయంత్రం ఐదుకల్లా రోడ్డు మీదికి వచ్చేయాలి.

వచ్చాక

బూట్లు, సాక్సులు బయటే విప్పి, కాళ్లు సబ్బుతో కడిగి, వేళ్ల మధ్య పుండ్లు, గీతలు చూసుకోండి. ఈ నీళ్లలో ఎలుకల మూత్రం నుంచి వచ్చే క్రిములుంటాయి, అవి గీతల్లోంచి ఒంట్లోకి పోతాయి. తర్వాత రెండు మూడు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే పారాసిటమాల్ వేసుకుని కూర్చోకండి. డాక్టరు దగ్గరికి వెళ్లి, అడగకపోయినా, కాలువ బురదలో నడిచామని మీరే చెప్పండి. మామూలు వైరల్ అనుకుని వదిలేస్తే కిడ్నీ, లివరు దాకా పోయే జ్వరం అది, మొదటి రోజుల్లో పట్టుకుంటే యాంటీబయాటిక్‌తో తగ్గుతుంది.