సొంత తూటా, 4వ పాఠం: ఇంతకీ డబ్బు మిగులుతుందా?

కాల్చేసిన తూటాల ఖాళీ కేసులను మళ్లీ నింపి సొంతంగా తూటాలు చేసుకోవడమే ఈ పాఠాల సంగతి. షూటింగ్ రేంజ్‌లో ఏరుకొచ్చిన ఖాళీ ఇత్తడి కేసులను రకాలవారీగా వేరు చేయమని పోయిన పాఠంలో చెప్పాను. 9 ఎంఎం కుప్పలో .380 కేసులు దూరి ఉంటాయి (ఇవి తూటా సైజుల పేర్లు), చూశారా? అడుగు చూస్తే ఒకేలా ఉంటాయి, పొడవు మాత్రం దాదాపు 2 మిల్లీమీటర్లు తక్కువ. అన్నిటినీ బల్ల మీద వరసగా నిలబెట్టి పక్కనుంచి చూస్తే పొట్టివి దొరికిపోతాయి. .45 కేసులతో ఇంకో తలనొప్పి ఉంది. కొన్నిటికి పెద్ద ప్రైమర్ గుంట, కొన్నిటికి చిన్నది. (ప్రైమర్ అంటే కేసు అడుగున బిగించే చిన్న బిళ్ల, దెబ్బ తగిలితే నిప్పు పుట్టించి పౌడర్‌ని అంటిస్తుంది.) ఈ ఏరుడికి ఎంతసేపు పట్టిందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

ఈ పాఠంలో ప్రెస్, అంటే కేసుని నొక్కి తూటా కట్టే యంత్రం, ముట్టుకోం. కాగితం, పెన్ను చాలు.

ముందు ఎవరికి ఈ పాఠం కాదో చెప్పాలి. నేను టెక్సాస్‌లో ఉంటాను, ఇక్కడి లెక్కే రాస్తున్నాను. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, కానీ అవి లాయర్‌ని అడిగి తేల్చుకోవాల్సినవి, ఫ్రెండ్‌ని అడిగి కాదు. సొంత వాడకానికి తూటాలు చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు. వ్యాపారంగా చేసి అమ్మాలంటే మాత్రం టైప్ 06 లైసెన్స్ ఉండాలి. ఇండియాలో చదువుతున్నవాళ్లు దీన్ని చదువుకోవడం వరకే ఉంచండి. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ లేకుండా తూటా తయారుచేయడం నేరం.

ఇక లెక్క. మనవాళ్లు మొత్తాన్నీ కలిపి బుల్లెట్ అనేస్తారు గానీ, మన పాఠాల్లో మొత్తం కలిపితే తూటా, ముందు ఎగిరిపోయే ముక్క ఒక్కటే బుల్లెట్. కేసు, ప్రైమర్, పౌడర్, బుల్లెట్, ఈ నాలుగింటి ఖర్చు కలిపితే తూటా ఖర్చు. (పౌడర్‌ని తెలుగులో మందు అనొచ్చు. ఒకసారి ఇంట్లో "మందు అయిపోయింది, తెచ్చుకోవాలి" అన్నాను. అప్పటినుంచి పౌడర్ అనే అంటున్నాను.)

పౌడర్‌ని పౌండ్లలో కొంటాం, గ్రెయిన్లలో వాడతాం. పౌండుకి 7000 గ్రెయిన్లు. గ్రెయిన్ అంటే ఎంతో ఊహకి అందకపోతే బంగారం గుర్తు తెచ్చుకోండి. బ్రిటిష్ వాళ్ల నాటి తులం సరిగ్గా 180 గ్రెయిన్లు. అంటే పౌండు పౌడర్ దాదాపు 39 తులాలు.

కింది ధరలు లెక్క కోసం పెట్టుకున్నవి. మీ షాపు ధరలు వేసుకుని మళ్లీ చేయండి. గ్రెయిన్ల అంకెలు కూడా ఖర్చు లెక్కకే. నిజంగా నింపేటప్పుడు పౌడర్ కంపెనీ అచ్చేసిన డేటా తప్ప ఇంకెవరి మాటా వినొద్దు, నాది కూడా.

9 ఎంఎం తీసుకుందాం. వెయ్యి ప్రైమర్లు 70 డాలర్లు, అంటే ఒకటి 7 సెంట్లు. పౌడర్ పౌండు 40 డాలర్లు, తూటాకి 4.5 గ్రెయిన్లు అనుకుంటే పౌండుకి 1555 తూటాలు, ఒక్కోదానికి 2.6 సెంట్లు. బుల్లెట్ 9 సెంట్లు. కేసు నేల మీద ఏరుకున్నదే కాబట్టి సున్నా. మొత్తం 18.6 సెంట్లు. షాపులో ఫ్యాక్టరీ తూటా 24 సెంట్లు అనుకుంటే మిగిలేది 5.4 సెంట్లు.

ప్రెస్, దానికి బిగించే డైలు (కేసుని సరైన సైజుకి నొక్కే అచ్చులు), పౌడర్ తూచే స్కేలు, కేసులు తోమే టంబ్లర్, పొడవు కొలిచే కాలిపర్ అన్నీ కలిపి 600 డాలర్లు పెట్టారనుకోండి. 600ని 0.054తో భాగిస్తే 11,111. అన్ని తూటాలు కాల్చాకే పెట్టుబడి తిరిగొస్తుంది. నెలకి 200 కాల్చేవాడికి నాలుగున్నరేళ్లు దాటుతుంది.

ఇప్పుడు .308 వించెస్టర్ అనే రైఫిల్ తూటా, అదీ దూరం గురికి వాడే మ్యాచ్ తూటా. ప్రైమర్ 8 సెంట్లు. పౌడర్ 43 గ్రెయిన్లు అనుకుంటే పౌండుకి 162 తూటాలే వస్తాయి, ఒక్కోదానికి 24.6 సెంట్లు. మ్యాచ్ బుల్లెట్ 45 సెంట్లు. డాలర్ పెట్టి కొన్న కేసు పదిసార్లు వాడితే 10 సెంట్లు. మొత్తం 87.6. ఫ్యాక్టరీది డాలర్ 60 సెంట్లు అయితే 72 సెంట్లు మిగిలాయి. అదే 600 డాలర్లు 830 తూటాలకి తిరిగొచ్చేస్తాయి.

తేడా ఎక్కడుందో చూడండి. 9 ఎంఎం ఫ్యాక్టరీల్లో లక్షల్లో తయారవుతుంది, వాళ్ల ధరతో మనం పోటీ పడలేం. మ్యాచ్ తూటాలో మనం డబ్బు కట్టేది చాలావరకు ఫ్యాక్టరీ పడే జాగ్రత్తకి. ఆ జాగ్రత్త మన బల్ల దగ్గర మనమే పడొచ్చు.

ఇందాకటి కాగితం తీయండి. సింగిల్ స్టేజ్ ప్రెస్ మీద, అంటే ఒక్కసారి హ్యాండిల్ లాగితే ఒక్క పనే జరిగే ప్రెస్ మీద, ఏరడం తోమడం అన్నీ కలుపుకుంటే నాకు గంటకి 60 వస్తాయి, 9 ఎంఎం. అరవయ్యిని 5.4 సెంట్లతో గుణిస్తే 3 డాలర్ల 24 సెంట్లు. టెక్సాస్‌లో గంటకి కనీస కూలి 7 డాలర్ల 25 సెంట్లు. నాకు నేనే కూలి ఎగ్గొట్టుకున్నట్టు! .308 గంటకి 30 చేసినా 21 డాలర్ల పైన గిడుతుంది. హ్యాండిల్ లాగిన ప్రతిసారీ ఒక తూటా వచ్చే ప్రోగ్రెసివ్ ప్రెస్, డిల్లన్ కంపెనీ చేసేలాంటిది, కొంటే టైమ్ కలిసొస్తుంది. పెట్టుబడి మాత్రం రెండింతలో మూడింతలో అవుతుంది, భాగహారం మళ్లీ మొదటికొస్తుంది. పైగా కొత్తగా నేర్చుకునేవాళ్లకి దాని మీద ఒక కేసులో రెండుసార్లు పౌడర్ పడినా కనిపెట్టడం కష్టం. 9 ఎంఎం కేసులో రెండు మోతాదులు పడితే తుపాకీ పగలొచ్చు. అలాంటి నష్టాన్ని చాలా తుపాకీ కంపెనీలు వారంటీలో భరించవు కూడా.

నేను మొదట్లో లెక్కలో వదిలేసింది హజ్‌మ్యాట్ ఫీజు. ప్రైమర్లు, పౌడర్ ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ప్రమాదకర సరుకు కింద పార్సెల్‌కి ఇంత అని వేస్తారు. వెయ్యి ప్రైమర్లు చవగ్గా దొరికాయని సంబరపడి ఆర్డర్ పెట్టాను, చివర్లో 30 డాలర్లు కలిసింది. ప్రైమర్‌కి 3 సెంట్లు! 9 ఎంఎంలో మిగిలే 5.4లో సగానికి పైగా అక్కడే పోయింది. అదే ఐదు వేలు ఒకేసారి తెప్పిస్తే ముప్పావు సెంటు కూడా పడదు. కానీ అప్పుడు ఒక్కసారే 350 డాలర్లు చేతిలోంచి పోతాయి. అందుకే నలుగురు కలిసి ఆర్డర్ పెట్టుకుంటారు.

ఇక 2020, 2021. ఆ రోజుల్లో తూటాల అరలు ఖాళీ, ప్రైమర్ల అరలు ఇంకా ఖాళీ. అంతకుముందు వెయ్యికి 30 డాలర్ల చుట్టుపక్కల ఉన్న ప్రైమర్లు అప్పుడు పెరిగి, మళ్లీ ఆ ధరకి దిగలేదు. ముందే సామాను దాచుకున్నవాళ్లు హాయిగా ప్రాక్టీస్ చేసుకున్నారు. ప్రెస్ ఒక్కటే కొనిపెట్టుకున్నవాళ్లు దాన్ని చూస్తూ కూర్చున్నారు.

నా సంగతి అడిగితే, నెలనెలా నా తూటాల ఖర్చు తగ్గలేదు. చవగ్గా పడుతోంది కదా అని ఎక్కువ కాలుస్తున్నాను. ఇండియన్ స్టోర్‌లో ఇడ్లీ పిండి డబ్బా దొరుకుతున్నా ఊరి నుంచి గ్రైండర్ మోసుకొచ్చిన వాళ్లం మనం. దాన్ని లెక్క వేసి తెచ్చామా? కానీ డబ్బు కోసమే అయితే, 9 ఎంఎం ఒక్కటే కాల్చేవాళ్లు ప్రెస్ కొనకండి. ఇక్కడితో పాఠాలు ఆపేసినా నేనేమీ అనుకోను.

అభ్యాసం: ఏడాదికి మీరు నిజంగా కాల్చే తూటాలు ఎన్నో రసీదులు చూసి రాయండి, గుర్తున్నంతలో కాదు. సేల్స్ ట్యాక్స్ కలపండి, మా ఊళ్లో అది 8.25 శాతం. పెట్టుబడి ఎన్నేళ్లకి తిరిగొస్తుందో రెండుసార్లు కట్టండి, ఒకసారి కేసు ఉచితం అనుకుని, ఒకసారి కొన్నారనుకుని. రెండోసారి కూడా మూడేళ్ల లోపు వస్తే 5వ పాఠానికి రండి. అందులో డై బిగించి, పౌడర్ లేకుండా పది కేసులు సైజు చేద్దాం.