సెల్లర్ పేరు పక్కనున్న స్టార్లను ఎంతవరకు నమ్మొచ్చు?

ఆన్‌లైన్‌లో ఏ వస్తువు పేజీ తెరిచినా రెండు రేటింగ్‌లు ఉంటాయి. వస్తువు పేరు దగ్గరే పెద్దగా కనబడేది ఆ వస్తువుది. 'సోల్డ్ బై' అని ఉన్నచోట పేరు పక్కనో, ఆ పేరు నొక్కితేనో కనబడేది సెల్లర్‌ది. చాలామంది మొదటిది చూసి రెండోవాణ్ణి నమ్మేస్తారు. ఒకే చార్జర్‌ని ఒకే పేజీలో ఆరుగురు అమ్ముతున్నారనుకోండి. పైనున్న 4.3 ఆ ఆరుగురి దగ్గర కొన్నవాళ్ళందరూ కలిసి ఇచ్చింది. అయిదుగురు అసలు సరుకు పంపి, ఆరోవాడు నకిలీ పంపుతున్నా ఆ అంకె పెద్దగా కదలదు. పైగా 60 రూపాయలు తక్కువ పెట్టాడు కాబట్టి మీ చెయ్యి వెళ్ళేది ఆ ఆరోవాడి మీదికే.

సరే, సెల్లర్ రేటింగే చూశామనుకుందాం. అది చెప్పేది ఏమిటంటే: చెప్పిన రోజుకు పంపాడా, ప్యాకింగ్ సరిగ్గా ఉందా, ఫొటోలో చూపించిందే వచ్చిందా. సరుకు అసలుదా, ఆర్నెల్లు మన్నుతుందా అన్నవి దానికి పెద్దగా తెలియవు. అందుకే సెల్లర్ రేటింగ్‌ని జల్లెడలా వాడాలి. చెడ్డవాణ్ణి ఏరి అవతల పారేయడానికి అది బాగా పనికొస్తుంది. మిగిలినవాళ్ళలో మంచివాడెవడో చెప్పడం దానివల్ల కాదు.

సెల్లర్ పేజీలో ఏం చూడాలి

అమెజాన్‌లో సెల్లర్ పేరు నొక్కితే గత 12 నెలల్లో వచ్చిన పాజిటివ్ రేటింగ్‌ల శాతం కనబడుతుంది. అక్కడ ఆగకండి. అదే పేజీలో 30 రోజులు, 90 రోజులు, 12 నెలలు, మొత్తం కాలం అని విడివిడిగా లెక్క ఉంటుంది. 4, 5 స్టార్లు పాజిటివ్, 3 న్యూట్రల్, 1, 2 నెగెటివ్ కింద పడతాయి.

ఉదాహరణకు 12 నెలల్లో 640 మంది రేటింగ్ ఇచ్చారు, 91 శాతం పాజిటివ్. బాగానే ఉంది. గత 30 రోజులు చూస్తే 38 మంది, 68 శాతం. ఈ సెల్లర్ దగ్గర ఇప్పుడు కొనకూడదు. 91 అనేది అతని పాత పేరు, 68 అనేది ఈ నెల అతను చేస్తున్న పని. ఇలా పడిపోవడానికి కారణాలు రెండు మూడే ఉంటాయి. దసరా, దీపావళి అమ్మకాలకి తట్టుకోలేక ఆర్డర్లు ఆలస్యం చేసి ఉంటాడు. ఇదైతే పండగ దాటాక సర్దుకుంటుంది. చవకగా దొరికిందని కొత్తచోట సరుకు ఎత్తి ఉంటాడు. లేదా ఖాతాయే చేతులు మారి ఉంటుంది. ఈ మూడోది ప్రమాదకరం. మూడేళ్ళుగా ఫోన్ కవర్లు, టెంపర్డ్ గ్లాసులు అమ్మినవాడు ఉన్నట్టుండి 60 శాతం తగ్గింపుతో కెమెరాలు పెట్టాడంటే, ఆ మంచి రేటింగ్ కవర్లకి వచ్చింది, కెమెరాలకి కాదు. సెల్లర్ దుకాణం తెరిచి మిగతా ఏమేం అమ్ముతున్నాడో ఒక్కసారి కిందకి జరిపి చూస్తే ఇది అర నిమిషంలో తెలిసిపోతుంది.

ఇంకో సంగతి. సరుకుని అమెజాన్ తన గోడౌన్ నుంచే పంపినప్పుడు డెలివరీ మీద వచ్చిన ఫిర్యాదుకి మధ్యలో గీత కొట్టి, బాధ్యత మాదేనని రాస్తారు. ఆ ఫిర్యాదు సెల్లర్ శాతంలోకి రాదు. అంటే 97 శాతం ఉన్న సెల్లర్ పేజీలో కూడా గీత కొట్టిన గోడు చాలా ఉండొచ్చు. వాటినీ చదవండి, అందులో సగం డెలివరీ గోలే అయినా, 'పాతది పంపారు', 'సీలు తీసి ఉంది' లాంటివి మధ్యలో దాక్కుంటాయి.

ఫ్లిప్‌కార్ట్‌లో సెల్లర్ పేరు పక్కన అయిదుకి ఎంతో ఒకే అంకె ఉంటుంది. అదే వస్తువుని ఇంకా ఎవరెవరు అమ్ముతున్నారో చూపించే లింకు నొక్కి, 4కి తక్కువ ఉన్నవాళ్ళని వదిలేసి, మిగిలినవాళ్ళ ధరలు పోల్చండి. ఒక్కోసారి 30, 40 రూపాయల తేడాతో మెరుగైన సెల్లర్ దొరుకుతాడు. ముందుగా కనబడే సెల్లరే మంచివాడని ఏమీ లేదు.

12కి 12, 400కి 380

ఒకడికి 12 రేటింగ్‌లు, అన్నీ 5 స్టార్లే: 100 శాతం. ఇంకొకడికి 400లో 380 మంచివి: 95 శాతం. ఎవరి దగ్గర కొనాలి? చిన్న లెక్క ఉంది. ఇద్దరికీ ఒక మంచి రేటింగ్, ఒక చెడ్డ రేటింగ్ అదనంగా కలపండి. మొదటివాడు 14లో 13, అంటే 92.9 శాతం. రెండోవాడు 402లో 381, అంటే 94.8. రెండోవాడే మేలు. కాయితం పెన్నూ అక్కర్లేదు, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు.

అసలు ఒక్క చెడ్డ రేటింగూ లేనివాడి విషయంలో ఇంకో అడ్డలెక్క: 3ని మొత్తం రేటింగ్‌లతో భాగించండి. చెడ్డ ఆర్డర్లు మహా అయితే ఎంత వంతు ఉండొచ్చో దాంతో తెలుస్తుంది. 30 మంది ఇచ్చి ఒక్కరూ తిట్టకపోయినా, నిజానికి పదిలో ఒక ఆర్డర్ చెడగొట్టేవాడే అయి ఉండే అవకాశం ఇంకా కొట్టిపారేయలేం. 300 మంది అయితే అది నూటికి ఒకటి దాకా దిగుతుంది. ఈ లెక్కలు రెండూ రేటింగ్‌లు నిజమైనవైతేనే పనిచేస్తాయి. 12 మందిలో ఎనిమిది మంది సెల్లర్ బావమరుదులైతే ఏ లెక్కా కాపాడదు.

వాడుకలో మేం పెట్టుకున్న గీతలు ఇవి. 500 రూపాయల లోపు వస్తువుకి 12 నెలల శాతం 85 దాటి, 50 మందైనా ఇచ్చి ఉంటే చాలు. 2,000 దాటితే 90 శాతం, 200 మంది. 10,000 దాటితే రేటింగ్ ఎంతున్నా దానితో సరిపెట్టుకోకూడదు. కంపెనీ సొంత దుకాణమా, కంపెనీ గుర్తించిన సెల్లరా అన్నది కంపెనీ వెబ్‌సైట్‌లో చూడాలి.

చెడ్డ రివ్యూలు చదివే పద్ధతి

కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని, 1 స్టార్‌వి పది, 3 స్టార్‌వి పది చదవండి. 5 స్టార్‌వి వదిలేసినా నష్టం లేదు. డబ్బాలో '5 స్టార్ ఇచ్చి స్క్రీన్‌షాట్ పంపితే 100 రూపాయలు' అని చీటీ పెట్టే సెల్లర్లున్నారు, టెలిగ్రామ్ గ్రూపుల్లో వస్తువుని ఉచితంగా ఇచ్చి రివ్యూ రాయించుకునేవాళ్ళూ ఉన్నారు. అలా రాసేవాడు నిజంగానే కొంటాడు కాబట్టి 'వెరిఫైడ్ పర్చేజ్' ముద్ర కూడా పడుతుంది. ఆ ముద్ర ఉన్నంత మాత్రాన మురిసిపోకండి.

చదివినవాటిని మనసులో మూడు కుప్పలుగా వేయండి. డెలివరీ కుర్రాడు గేటు దగ్గర పడేశాడు అన్నవి పక్కన పెట్టేయొచ్చు. సైజు, రంగు తేడా అన్నవి మీకు ఎంత ముఖ్యమో మీరే చూసుకోవాలి. 'వాడినది పంపారు', 'నకిలీ', 'రిటర్న్ తీసుకోలేదు', 'రివ్యూ తీసేస్తేనే డబ్బులిస్తామన్నారు' అన్నవి మూడో కుప్ప. పదిలో రెండు మూడు ఇందులో పడితే ఆ పేజీ మూసేయండి.

తిట్టే రివ్యూ అంతా నిజమని కాదు. మెమరీ కార్డుల కింద తరచూ కనబడే మాట: '128 జీబీ అని 119 జీబీయే ఇచ్చారు'. అది మోసం కాదు. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తుంది, కంప్యూటర్ 1,024 చొప్పున లెక్కేస్తుంది. 128 జీబీ అక్కడ 119గానే కనబడుతుంది. అసలు మోసం వేరే. 400 రూపాయలకి '1 టీబీ' కార్డు తెచ్చి ఫోన్‌లో పెడితే 1 టీబీ అనే చూపిస్తుంది, కొన్నాయన సంతోషంగా 5 స్టార్లిచ్చేస్తాడు. లోపల ఉన్నది 32 జీబీయో 64 జీబీయో. అది నిండాక ఎక్కించిన వీడియోలు తెరుచుకోవు. అది తెలిసేసరికి రిటర్న్ గడువు దాటిపోతుంది. అందుకని కార్డు రాగానే నిండా పెద్ద ఫైళ్ళు ఎక్కించి, మొదట్లోవి, చివర్లోవి తెరిచి చూడండి.

రెండు మూడేళ్ళ కిందటి రివ్యూల ఫొటోలు కూడా ఒకసారి చూడండి. పేజీలో ఉన్నది ఇయర్‌ఫోన్, పాత ఫొటోల్లో ఉన్నది నీళ్ళ సీసా అయితే, రివ్యూలున్న పాత పేజీని కొత్త సరుక్కి తొడిగారన్నమాట. 4.4 స్టార్లు సీసాకి వచ్చినవి.

చీరలకి రేటింగ్ ఎందుకు పనిచేయదు

మన దగ్గర ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే కాబట్టి కొంచెం ఆగి చూద్దాం. 900 రూపాయల 'పోచంపల్లి పట్టు' చీరకి 4.1 స్టార్లుంటాయి. వాటిలో అబద్ధం ఉండకపోవచ్చు కూడా. కొన్నావిడ 900కి ఇంత మంచి రంగు వచ్చిందని మెచ్చుకుంది. పట్టా కాదా అన్నది ఆవిడ చూడలేదు. రేటింగ్ ఎప్పుడూ ధరకి తగ్గ తృప్తి. పైగా అది చీర వచ్చిన రోజున ఇచ్చింది, మొదటి ఉతుకు తర్వాత కాదు.

చీర వచ్చాక మీరే చూసుకోవాలి. పోచంపల్లి నేత ఇక్కత్ రకం. ఇందులో నేసేముందే పోగులకి ముడులు కట్టి రంగు వేస్తారు, అందుకే బొమ్మ రెండువైపులా దాదాపు ఒకే గాఢతతో ఉంటుంది. వెనకవైపు వెలిసినట్టు తెల్లబోతే అది ప్రింటు. పట్టో కాదో తేల్చుకోవాలంటే కొంగు కుచ్చు నుంచి ఒక్క పోగు తీసి అగ్గిపుల్లతో అంటించండి. పట్టు అయితే జుట్టు కాలిన వాసన వచ్చి, మిగిలిన నల్లటి పూస వేళ్ళ మధ్య నలిపితే పొడి అయిపోతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది, నలిపినా నలగదు. కాయితంలా కాలితే నూలో, రేయానో. అన్నట్టు, వివరాల్లో 'ఆర్ట్ సిల్క్' అని ఉంటే అందులో కళేమీ లేదు, ఆర్టిఫిషియల్‌కి కురచ పేరు.

ఫేస్‌బుక్ లైవ్‌లోనో, ఇన్‌స్టాగ్రామ్‌లోనో చీరలమ్మే పేజీలకైతే రేటింగే ఉండదు. ఫాలోయర్లు రేటింగ్ కాదు. నచ్చని కామెంట్లు పేజీవాళ్ళే తీసేయగలరు. మొదటిసారి ఒక్క చీరే, కుదిరితే క్యాష్ ఆన్ డెలివరీలో తెప్పించండి. పట్టు అని అమ్మితే అసలు పట్టుకి ఇచ్చే గుర్తు, సిల్క్ మార్క్, ఉందా అని అడగండి. జీఎస్‌టీ నంబరు ఇస్తే దాన్ని జీఎస్‌టీ పోర్టల్‌లో 'సెర్చ్ ట్యాక్స్‌పేయర్' దగ్గర కొట్టి చూడండి: పేరు, నమోదైన తేదీ, ఇంకా నడుస్తోందా రద్దయిందా అన్నీ వస్తాయి. 15 అక్షరాల ఆ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి. తెలంగాణకి 36, ఆంధ్రప్రదేశ్‌కి 37. హైదరాబాద్ షాపు అని చెప్పి 24తో మొదలైతే రిజిస్ట్రేషన్ గుజరాత్‌ది. చిన్న వ్యాపారికి జీఎస్‌టీ లేకపోవడం తప్పేమీ కాదు, తప్పుడు నంబరు ఇవ్వడం మాత్రం తప్పే.

స్టార్లు చూడలేనివి

చార్జర్, ప్రెషర్ కుక్కర్ లాంటివాటిలో భద్రత సంగతి కొన్నవాళ్ళకి తెలియదు, కాబట్టి రేటింగ్‌లోకీ రాదు. కుక్కర్ మీద ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. అది లేని కుక్కర్లు అమ్మనిచ్చినందుకు కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022లో పెద్ద షాపింగ్ సైట్ల మీదే జరిమానాలు వేసింది. చార్జర్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు కింద 'ఆర్'తో మొదలయ్యే నంబరు ఉంటుంది. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీకి ఇచ్చారో చూపిస్తుంది. డబ్బా మీద పేరు ఒకటి, యాప్‌లో ఇంకొకటి వస్తే తిరిగి పంపేయండి.

తేడా వస్తే

ఖరీదైనదైతే డబ్బా మీది అడ్రస్ చీటీ కనబడేలా మొదలుపెట్టి, మధ్యలో ఆపకుండా విప్పడం వీడియో తీయండి. ఓపెన్ బాక్స్ డెలివరీ (డబ్బా మీ ముందే విప్పి చూపించేది) అయితే పూర్తిగా చూసుకున్నాకే ఓటీపీ చెప్పండి. చెప్పాక వాదనకి బలం తగ్గుతుంది. రిటర్న్ ఉందా, రీప్లేస్‌మెంట్ మాత్రమేనా అన్నది కొనేముందే చూడాలి.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం సైటు తన గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) వివరాలు పెట్టాలి. ఫిర్యాదు అందిందని ఆయన 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి. సెల్లర్ తానే కొనుగోలుదారులా వేషం వేసి రివ్యూ రాసుకోవడాన్నీ ఆ నిబంధనలే నిషేధించాయి. కస్టమర్ కేర్‌తో పని జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. సైటే దొంగదై డబ్బు పోతే మాత్రం సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, ఆలస్యం చేయకుండా.

మీరు రేటింగ్ ఇచ్చేటప్పుడు రెండూ విడిగా ఇవ్వండి. వస్తువు ఎలా ఉందో వస్తువు కింద, సెల్లర్ ఏం చేశాడో సెల్లర్ కింద. అమెజాన్‌లో సెల్లర్ మీద అభిప్రాయం చెప్పడానికి ఆర్డర్ ఇచ్చిన రోజు నుంచి 90 రోజులు గడువుంది. చీరైతే ఒక ఉతుకు, చార్జర్ అయితే ఓ నెల చూశాక రాసినా ఇంకా టైముంటుంది.