వెలుగుతో కొలత – 4వ పాఠం: పక్కపక్కన రెండు పోగులు, ఎదురుగా ఒక అద్దం

పోయిన పాఠంలో ప్లాస్టిక్ ఫైబర్ పోగును పెన్సిలు చుట్టూ చుట్టి, వంపు దగ్గర వెలుగు ఎలా బయటికి జారిపోతుందో చూశాం. ఆ పని చేసినవారికి ఒక సంగతి చేతులతోనే తెలిసి ఉంటుంది: పోగు కాస్త కదిలినా మల్టీమీటరులో అంకె మారిపోతుంది. అంత చురుకైన ఆ అంకెను ఈ వారం మిల్లీమీటర్లలో మాట్లాడిద్దాం. వస్తువును తాకకుండానే అది ఎంత దూరంలో ఉందో చెప్పే చిన్న పరికరాన్ని తయారు చేద్దాం.

ఇది కొత్త ఆలోచన కాదు. 1960ల చివరికే అమెరికాలో ఇలాంటి పరికరాలు ప్రయోగశాలలకు చేరాయి. వాటిలో రెండే పోగులు కాక, జుట్టంత సన్నని గాజు పోగులు వందల సంఖ్యలో కట్టగా ఉండేవి. సగం పోగులు వెలుగును తీసుకెళితే, సగం తిరిగి తెచ్చేవి. తిరిగే ఇరుసు ఎంత కంపిస్తోందో తాకకుండా చూడటానికి నేటికీ ఈ పద్ధతి వాడతారు. పోగులో కరెంటు ప్రవహించదు కాబట్టి పెద్ద మోటారు పక్కన పెట్టినా, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పెట్టినా దాని అయస్కాంత క్షేత్రం కొలతను చెడగొట్టదు. రాగి తీగల మీద నడిచే సెన్సర్లకు ఆ సుఖం లేదు.

సూత్రం చాలా తేలిక. ఒక పోగు కొన నుంచి వెలుగు గరాటు ఆకారంలో విచ్చుకుంటూ బయటికి వస్తుంది. ఎదురుగా ఉన్న అద్దం దాన్ని వెనక్కి పంపుతుంది. పక్కనే ఆనించి పెట్టిన రెండో పోగు అందులో కొంత పట్టుకుంటుంది. అద్దం జరిగితే, పట్టుకునే వెలుగు మారుతుంది.

సామాను చూద్దాం. 1 మి.మీ. మందం ఉన్న ప్లాస్టిక్ ఫైబర్ రెండు ముక్కలు, ఒక్కొక్కటి అర మీటరు. ఎర్రని ఎల్ఈడీ, దానికి 330 ఓముల రెసిస్టరు. 5 వోల్టుల సరఫరాతో దాదాపు 9 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తాయి, అది చాలు. వెలుగు పడితే కరెంటు ఇచ్చే ఫోటోడయోడు (బీపీడబ్ల్యూ34 రకం) ఒకటి, 1 మెగా ఓము రెసిస్టరు ఒకటి. ఫోటోడయోడు కేథోడును 5 వోల్టులకు, ఆనోడును రెసిస్టరు ద్వారా గ్రౌండుకు కలపండి. రెసిస్టరు రెండు కొసల మధ్య మల్టీమీటరు పెడితే, ఒక మైక్రో ఆంపియరు కరెంటుకు ఒక వోల్టు చొప్పున కనిపిస్తుంది. నిజానికి కాస్త తక్కువే కనిపిస్తుంది. మామూలు డిజిటల్ మల్టీమీటరుకు తనదంటూ 10 మెగా ఓముల నిరోధం ఉంటుంది, అది మన రెసిస్టరుకు సమాంతరంగా చేరి దాదాపు పదకొండో వంతు తినేస్తుంది. ఎప్పుడూ ఒకే నిష్పత్తిలో తింటుంది కాబట్టి మనకు నష్టం లేదు. అయితే ప్రయోగం మధ్యలో మాత్రం మీటరు మార్చకండి.

అద్దం విషయంలో జాగ్రత్త పడాలి. ఇంట్లో ముఖం చూసుకునే అద్దానికి పూత గాజు వెనక ఉంటుంది. గాజు ముందు తలం నుంచి కొంత, వెనక పూత నుంచి చాలా భాగం వెలుగు తిరిగి వచ్చి, దూరం ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో తెలియకుండా పోతుంది. కంప్యూటర్ రిపేరు దుకాణంలో పాడైపోయిన హార్డ్ డిస్కు ఒకటి అడిగి తెచ్చుకోండి. లోపలి పళ్లెం అద్దంలా మెరుస్తుంది, ఆ మెరుపంతా పై తలానిదే. మన చేతికి అందేవాటిలో ఇంతకంటే చదునైన అద్దం దొరకడం కష్టం. కొన్ని డిస్కుల్లో పళ్లెం గాజుతో చేస్తారు, వంచితే పగిలి ముక్కలు ఎగురుతాయి. అందుకే కత్తిరించకుండా మొత్తం పళ్లాన్నే వాడండి. అంచులు పట్టుకోండి, తలం మీద వేలు పెట్టవద్దు.

పోగుల కొనలను మూడో పాఠంలో చెప్పినట్టే కొత్త బ్లేడుతో ఒక్క వేటుకు కోసి, 600, 1500, 2000 నంబరు ఎమరీ కాగితాల మీద ఎనిమిది అంకె ఆకారంలో రుద్ది నునుపు చేయండి. రెండో పోగు అవతలి కొనను ఫోటోడయోడు ముఖానికి ఆనించి, నల్ల టేపుతో వెలుగు చొరబడకుండా చుట్టండి. మొదటి పోగును ఎల్ఈడీకి అతికించే ముందు దాని గుండ్రని తలను చదునుగా అరగదీసి నునుపు చేయాలి. లోపల కనిపించే సన్నని తీగకు ఒక మి.మీ. దూరంలోనే ఆగిపోండి. ఆ తీగ తెగితే ఎల్ఈడీ పనికిరాదు.

ఇవతలి రెండు కొనలను పక్కపక్కన ఆనించి, వాడేసిన బాల్‌పెన్ను గొట్టంలాంటి దానిలో దూర్చి, రెండూ ఒకే మట్టంలో ఉండేలా జిగురుతో బిగించండి. జిగురు ఆరాక రెండింటినీ కలిపి మరోసారి 2000 నంబరు కాగితం మీద రుద్దండి. ఒక కొన లోపలికి, ఒకటి బయటికి ఉంటే తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి.

ఇక అద్దాన్ని కొలతగా జరపాలి. అందుకు స్క్రూ గేజు వాడదాం. అద్దాన్ని నేరుగా గేజు కడ్డీకి అతికించాలని చాలామందికి అనిపిస్తుంది. అలా చేయకండి. గేజు కడ్డీ జరుగుతూ జరుగుతూ తిరుగుతుంది కూడా. అద్దం వెంట్రుకవాసి వాలుగా అతుక్కున్నా, ప్రతి చుట్టుకూ ఒకసారి ముఖం అటూ ఇటూ ఊగుతుంది. గ్రాఫు గీశాక అర మి.మీ.కో, మి.మీ.కో ఒక అల కనిపిస్తే కారణం అదే. దానికి బదులు అద్దాన్ని ఒక చిన్న చెక్క దిమ్మెకు అతికించి, దిమ్మె రెండు స్కేళ్ల మధ్య జారేలా అమర్చండి. గేజు కడ్డీ దిమ్మెను వెనక నుంచి నెట్టాలి, ఒక రబ్బరు బ్యాండు దిమ్మెను కడ్డీ వైపు లాగి ఉంచాలి. మరలో ఉండే వదులును కూడా ఆ రబ్బరు బ్యాండే మింగేస్తుంది.

అమరిక పూర్తయ్యాక వెంటనే రీడింగులు మొదలుపెట్టవద్దు. ఎల్ఈడీ వెలిగించి ఇరవై నిమిషాలు వదిలేయండి. కారణం కాసేపట్లో చెబుతాను, అది ఈ పాఠానికి గుండెకాయ.

అద్దాన్ని కొనలకు దాదాపు తగిలేంత దగ్గరికి తెచ్చి అక్కడ సున్నా అనుకోండి. 0.05 మి.మీ. చొప్పున వెనక్కి జరుపుతూ 3 మి.మీ. వరకు రండి. ప్రతి చోటా రెండు అంకెలు రాయాలి: ఎల్ఈడీ వెలిగినప్పుడు వచ్చినది, ఆర్పినప్పుడు వచ్చినది. రెండోదాన్ని మొదటిదానిలోంచి తీసేస్తే గదిలోని వెలుగు పోయి మన వెలుగు మిగులుతుంది. ఆర్పి ఉంచేది ఒకటి రెండు సెకన్లే, ఎల్ఈడీ చల్లబడేంత సేపు కాదు. పాత ట్యూబులైటు కింద పని చేస్తుంటే అది సెకనుకు వందసార్లు మినుకుమంటుందని గుర్తుంచుకోండి. కంటికి కనిపించదు గాని ఫోటోడయోడుకు కనిపిస్తుంది. వీలైతే ఆ లైటు ఆర్పి పని చేయండి.

గ్రాఫు గీస్తే ఒక గుట్ట ఆకారం వస్తుంది. ముందు నిటారుగా ఎక్కుతుంది, శిఖరం చేరుతుంది, తర్వాత మెల్లగా దిగుతుంది. శిఖరం ఎక్కడ రావాలో కాగితం మీదే అంచనా వేయవచ్చు. పోగు లోపలి భాగం వ్యాసం 0.98 మి.మీ., దాని వక్రీభవన గుణకం 1.49. పై పొర గుణకం 1.40 అనుకుంటే, రెండింటి వర్గాల తేడాకు వర్గమూలం 0.51. సైన్ విలువ 0.51 ఉన్న కోణం దాదాపు 30 డిగ్రీలు. అంటే వెలుగు గరాటు ఇరువైపులా 30 డిగ్రీలు విచ్చుకుంటుంది. అద్దం d దూరంలో ఉంటే వెలుగు వెళ్లి రావడానికి 2d ప్రయాణిస్తుంది. తిరిగి వచ్చేసరికి దాని వృత్తం వ్యాసార్ధం 0.49 + 2d × 0.577 (0.49 పోగు వ్యాసార్ధం, 0.577 అంటే 30 డిగ్రీల టాంజెంట్ విలువ). రెండో పోగు కేంద్రం 1 మి.మీ. దూరంలో ఉంది, దాని అవతలి అంచు 1.49 మి.మీ. దూరంలో ఉంది. వృత్తం ఆ అంచును చేరాలంటే d దాదాపు 0.87 మి.మీ. కావాలి.

అద్దం బాగా దగ్గరగా ఉన్నప్పుడు గరాటు ఇంకా విచ్చుకోదు. వెలుగంతా బయలుదేరిన పోగులోకే తిరిగి పోతుంది, పక్కవాడికి ఏమీ అందదు. జరిగే కొద్దీ వృత్తం రెండో పోగు మీదికి పాకుతుంది, అంకె పెరుగుతుంది. 0.87 దగ్గర పోగు మొత్తం వెలుగులో మునుగుతుంది. ఆ తర్వాత అదే వెలుగు ఇంకా పెద్ద వృత్తంలోకి పలుచబడుతుంది కాబట్టి అంకె తగ్గుతుంది. మీ శిఖరం సరిగ్గా 0.87 దగ్గర రాకపోతే కంగారు పడకండి. గరాటులో వెలుగు అంతటా సమానంగా ఉండదు, మీ సున్నా కూడా అసలు సున్నా కాదు. కానీ 3 మి.మీ. దాకా శిఖరమే రాకపోతే అద్దం వాలుగా ఉన్నట్టు.

ఇక్కడే మొదటి చిక్కు. గుట్ట మీద ఒకే ఎత్తులో రెండు చోట్లు ఉంటాయి, ఎక్కే దారిలో ఒకటి, దిగే దారిలో ఒకటి. వోల్టేజీ ఒక్కటే చూసి అద్దం శిఖరానికి ఇవతల ఉందో అవతల ఉందో చెప్పలేం. కాబట్టి పరికరాన్ని వాడే ముందే ఒక వాలును ఎంచుకుని, అద్దం ఎప్పుడూ అటే ఉండేలా బిగించాలి. ముందు వాలు నిటారుగా ఉంటుంది, చిన్న కదలికకే అంకె బాగా మారుతుంది. వెనుక వాలు మందకొడి, కానీ ఎక్కువ దూరం కొలుస్తుంది, అద్దం పోగులకు తగిలే భయం ఉండదు. కంపించే వస్తువులకు నేను వెనుక వాలునే ఎంచుకుంటాను. పోగు కొన గీసుకుపోతే మళ్లీ మొదటి నుంచి చేయాలి.

వాలు మీద గీత దాదాపు తిన్నగా ఉన్న భాగాన్ని తీసుకుని దాని ఏటవాలు లెక్కగట్టండి. మాదిరిగా ఒక లెక్క: ఏటవాలు మి.మీ.కు 0.8 వోల్టులు, అద్దం కదలకుండా ఉన్నా మీటరు అంకె 2 మిల్లీ వోల్టుల మేర ఊగుతోంది అనుకుందాం. 0.002ను 0.8తో భాగిస్తే 0.0025 మి.మీ., అంటే 2.5 మైక్రోమీటర్లు. అంతకంటే చిన్న కదలికను ఈ అమరిక పట్టుకోలేదు. మీ అంకెలతో మీ హద్దు కనుక్కోండి. అద్దాన్ని కొనే పని కూడా లేని సామానుతో ఇంత సన్నని కొలత చేయగలగడం నాకు ఇప్పటికీ ఆనందం కలిగిస్తుంది.

ఇప్పుడు ఆ ఇరవై నిమిషాల సంగతి. చదువుకునే రోజుల్లో సన్నని ఇనుప పట్టీకి బరువు వేలాడదీసి, అది రోజులు గడిచే కొద్దీ మెల్లగా వంగుతుందేమో చూడాలని ఇలాంటి పరికరమే కట్టాను. ఉదయం నుంచి మధ్యాహ్నం వరకు అంకె నెమ్మదిగా తగ్గేది. పట్టీ వంగుతోందని మూడు రోజులు నోటు పుస్తకంలో రాసుకున్నాను. నాలుగో రోజు బరువు తీసేసి చూశాను. అంకె అదే తీరున తగ్గింది. వంగుతున్నది పట్టీ కాదు, గది వేడెక్కే కొద్దీ ఎల్ఈడీ వెలుగు తగ్గుతోంది. ఎర్ర ఎల్ఈడీలకు ఆ గుణం ఉంది. వెలిగించిన కొత్తలో ఎల్ఈడీ తనంతట తానే వేడెక్కుతుంది, ఆ వేడి నిలకడకు రావడానికే ఇరవై నిమిషాలు ఆగమన్నాను. ఆ మూడు రోజుల అంకెల్లో పట్టీ గురించి ఒక్క ముక్క కూడా లేదు.

వెలుగు పరిమాణం మీద ఆధారపడే ప్రతి సెన్సరుకూ ఈ జబ్బు ఉంది. వస్తువు కదిలినా అంకె మారుతుంది, దీపం మసకబారినా మారుతుంది, అద్దం మీద దుమ్ము పడినా మారుతుంది. మూడింటినీ ఆ ఒక్క అంకె వేరుచేసి చెప్పలేదు. కాబట్టి దానికి సాక్షిగా మరో అంకె కావాలి.

మొదటి ఉపాయం: అదే ఎల్ఈడీకి ఇంకో పోగు అతికించి, అద్దం జోలికి పోకుండా నేరుగా రెండో ఫోటోడయోడుకు కలపండి. అసలు అంకెను ఈ సాక్షి అంకెతో భాగించండి. దీపం మసకబారితే రెండూ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి, భాగఫలం మారదు. అయితే అద్దం మీది దుమ్ము సంగతి ఈ సాక్షికి తెలియదు.

రెండో ఉపాయం నాకు ఎక్కువ ఇష్టం. బాల్‌పెన్ను గొట్టంలో రెండు పోగులకు బదులు మూడు వరుసగా పెట్టండి. చివరిది వెలుగు పంపుతుంది, మిగతా రెండూ చెరొక ఫోటోడయోడుకు పట్టుకెళతాయి. దూరపు పోగు కేంద్రం 2 మి.మీ. దూరంలో ఉంది, దాని ఇవతలి అంచు 1.51 మి.మీ. దగ్గర. పై లెక్కే మళ్లీ చేస్తే, వెలుగు దాన్ని తాకడం మొదలయ్యేది d 0.88 దగ్గర, పూర్తిగా ముంచేది 1.73 దగ్గర. దగ్గరి పోగు శిఖరం చేరే చోటే దూరపు పోగు కళ్లు తెరుస్తోందన్నమాట. అక్కడి నుంచి ఒకటి దిగుతుంటే ఇంకొకటి ఎక్కుతుంటుంది, కాబట్టి రెండింటి నిష్పత్తి చురుగ్గా మారుతుంది. దీపం మసకబారినా, అద్దం అంతటా సమానంగా మాసినా రెండు పోగులకూ ఒకే నష్టం, నిష్పత్తి అలాగే ఉంటుంది. పట్టుకెళ్లే పోగులు మాత్రం కదలకూడదు. ఒకదానికే వంపు పడితే నిష్పత్తి చెడుతుంది, పెన్సిలు పాఠం గుర్తుంది కదా. వాటిని బల్లకు టేపుతో అంటించండి.

ఈ వారం పని: రెండు పోగులతో గ్రాఫు గీయండి, ముందుకు జరుపుతూ ఒకసారి, వెనక్కి జరుపుతూ ఒకసారి. రెండు గీతలూ కలవకపోతే తేడా ఎన్ని మి.మీ.కు సమానమో రాయండి. తర్వాత మూడో పోగు చేర్చి, అద్దాన్ని 1.2 మి.మీ. దగ్గర కదలకుండా ఉంచి, ఎల్ఈడీకి ఇచ్చే వోల్టేజీని 5 నుంచి 4.5కు తగ్గించి చూడండి. విడి అంకెలు ఎంత పడిపోయాయి, నిష్పత్తి ఎంత మారింది, రెండూ పక్కపక్కన రాయండి. నిష్పత్తి కూడా కదిలిందంటే, ఆర్పినప్పటి అంకెను రెండు పోగుల నుంచీ తీసేశారో లేదో ముందు చూసుకోండి.

అయిదో పాఠంలో వెలుగు పరిమాణాన్ని పక్కన పెట్టి దాని రంగును కొలుస్తాం. పోగు లోపలే చెక్కిన బ్రాగ్ గ్రేటింగు ఒక్క తరంగదైర్ఘ్యాన్నే వెనక్కి పంపుతుంది, పోగు సాగితే ఆ తరంగదైర్ఘ్యం జరుగుతుంది. దీపం మసకబారినా అది జరగదు. దానికి వేరే సాక్షి కావలసి వస్తుంది, అది ఎందుకో ఈలోగా ఆలోచించి రండి: పోగు సాగినప్పుడే కాక, వేడెక్కినప్పుడు కూడా ఆ తరంగదైర్ఘ్యం జరుగుతుంది.