నల్లగా ఉన్నదల్లా ఎబొనీ కాదు

కెన్యా వెళ్లినవాళ్లు నైరోబీ, మొంబాసా బజార్లలో చెక్క ఏనుగో జిరాఫీయో కొనకుండా రారు. ఎక్కువగా కంబా తెగవాళ్లు బాడిసెతో చెక్కే బొమ్మలవి. నల్లగా నిగనిగలాడుతోంది కదా అని ఎబొనీ (ఖరీదైన అసలు నల్లకర్ర) రేటు ఇచ్చేయకండి. మామూలు చెక్కకి బూట్ పాలిష్ పట్టించి అమ్మేవాళ్లూ ఉంటారు. తెల్ల టిష్యూ కాస్త తడిపి, ఏనుగు పొట్ట కింద, కాళ్ల సందుల్లో గట్టిగా రుద్దండి. నలుపు అంటితే అనుమానించాల్సిందే. అప్పుడు బరువు చూడండి. అసలు నల్లకర్ర చిన్న బొమ్మైనా చేతికి బరువుగా తగులుతుంది, నీళ్లలో మునుగుతుంది (షాపులో ముంచనివ్వరనుకోండి!). ఆ చెట్టు చాలా నెమ్మదిగా పెరుగుతుంది, కొట్టేస్తే అంత తొందరగా మళ్లీ రాదు కాబట్టి నన్నడిగితే వేపకర్ర బొమ్మలే మేలు. అవును, మన వేపే, అక్కడా బాగా పెరుగుతుంది. పాదాల కింద సన్నటి రంధ్రాలు, పిండిలాంటి పొట్టు కనిపిస్తే మాత్రం ఎంత ముద్దొచ్చినా వదిలేయండి, పురుగు పట్టినట్టే.