పాత కారుకి రిపేర్ చేయించాలా, కారే మార్చేయాలా? ఇలా తేల్చుకోండి

రోజూ ఆఫీసుకి తీసుకెళ్లే కారు ఒక పొద్దున మొరాయిస్తుంది, ఎలాగోలా షెడ్డుకి చేరుస్తాం, సాయంత్రం మెకానిక్ ఫోన్ చేసి మనం అస్సలు అనుకోని అంకె చెప్తాడు. ఇంట్లో ఎవరో ఒకరు "ఇంకా ఎన్నాళ్లు దాని మీద పోస్తారు, అమ్మేయండి" అంటారు. ఆ రోజు మాత్రం ఏ నిర్ణయమూ తీసుకోకండి. టెన్షన్‌లో కొన్న కారుకి వాయిదాలు ఏళ్ల తరబడి కట్టాలి. రెండు మూడు రోజులు బస్సులో వెళ్లినా సరే, కింది పనులు వరసగా చేయండి.

1. ముందు జబ్బేంటో తెలుసుకోండి

"ఇంజిన్ పోయిందండీ" అంటే సరిపోదు. ఏ పార్టు పోయింది, ఎందుకు పోయింది, అది పోయిందని ఎలా తెలిసింది, ఈ మూడూ అడిగి ఎస్టిమేట్ కాగితం మీద రాయించుకోండి. కారు కంప్యూటర్‌ని చదివే స్కానర్‌లో వచ్చిన లోపం కోడ్ చూపించి సెన్సర్ మార్చాలంటే కాస్త ఆగండి. కోడ్ చెప్పేది లక్షణం మాత్రమే. గాలి ఎక్కువైందని కోడ్ వస్తే సెన్సర్ బాగానే ఉండి, ఎక్కడో చిన్న రబ్బరు పైపు పగిలి ఉండొచ్చు. ఇంజిన్ మీద అనుమానముంటే కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి సరిగ్గా ఉందో లేదో కొలిచే పరీక్ష) చేయించండి. పెద్ద పని అయితే ఇంకో మెకానిక్‌కి కూడా చూపించండి, మొదటాయన చెప్పిన అంకె మాత్రం ఈయనకి చెప్పొద్దు.

మీరే చూసుకోగలిగినవీ ఉన్నాయి. సైలెన్సర్‌లోంచి నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని అర్థం. నల్ల పొగ ఇంధనం ఎక్కువై పూర్తిగా మండకపోవడం వల్ల వస్తుంది, చాలాసార్లు తక్కువలోనే పోతుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా దట్టంగా తెల్ల పొగ వస్తూ, కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) తగ్గిపోతూ ఉంటే హెడ్ గాస్కెట్, అంటే ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు, పోయి ఉండొచ్చు. ఆయిల్ మూత అడుగున పాల మీగడలాంటిది కనిపించగానే మాత్రం కంగారు పడకండి, చిన్న చిన్న దూరాలే తిరిగే కార్లలో చెమ్మ వల్ల కూడా అలా పడుతుంది. కూలెంట్ కూడా తగ్గుతోందా అన్నది చూడండి.

2. అరిగే పార్టా, కారుకి ప్రాణమైన పార్టా?

బ్రేక్ ప్యాడ్లు, టైర్లు, బ్యాటరీ, క్లచ్ ప్లేట్, షాకబ్జార్బర్లు, రేడియేటర్ పైపులు, స్టార్టర్ మోటర్, ఇవన్నీ అరగడానికే ఉన్నాయి. రేపు కొనే కారుకీ ఏదో ఒక రోజు మార్చాల్సిందే. వీటి కోసం కారు అమ్ముకోవడం నాకు నచ్చదు.

ఇంజిన్, గేర్‌బాక్స్, ఛాసిస్ (కారు చట్రం) సంగతి వేరు. ముఖ్యంగా తుప్పు. తలుపు అంచున ఉన్న తుప్పుకి ఎవరూ భయపడక్కర్లేదు, కానీ కారుని లిఫ్ట్ మీద ఎక్కించి అడుగు భాగం, సస్పెన్షన్ బిగించే చోట్లు చూడండి. అక్కడ స్క్రూడ్రైవర్‌తో నొక్కితే ఇనుము పెచ్చులు రాలినా, లోపలికి దిగినా ఇక ఆ కారు మీద ఖర్చు పెట్టొద్దు. వరద నీళ్లు లోపలికి వెళ్లిన కారైతే వైరింగ్ నెలల తర్వాత కూడా ఒక్కో చోట ఇబ్బంది పెడుతుంది.

3. వచ్చే 12 నెలల లెక్క రాయండి

రిపేర్ ఖర్చు కారు రేటులో సగం దాటితే అమ్మేయాలి అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. కారుకి మార్కెట్లో వచ్చే రేటు వేరు, అది మనకి చేసే పని వేరు. ఆ రేటుకి ఇంకో పాత కారు కొంటే దాని చరిత్ర మనకి తెలీదు, మన కారుకి ఏం మార్చామో, ఏం మార్చలేదో మనకి తెలుసు.

కాగితం మీద రెండు గళ్లు గీయండి. ఒకవైపు ఈ రిపేర్, ఏడాదిలో ఎలాగూ రాబోయే పనులు, సర్వీసింగ్, ఇన్సూరెన్స్, ఇంధనం. ఇంజిన్‌లో వాల్వులు, పిస్టన్లు ఒకే లయలో కదిలేలా చూసే టైమింగ్ బెల్ట్ గడువు దగ్గర పడితే అదీ ఇందులోనే రాయండి, చాలా ఇంజిన్లలో అది తెగితే వాల్వులు పిస్టన్లకి కొట్టుకుని ఇంజిన్ మొత్తం విప్పాల్సి వస్తుంది. రెండోవైపు కొత్తదాని వాయిదాలు, పన్నులు, ఇన్సూరెన్స్, ఇంధనం, దాంతోపాటు మొదటి ఏడాదిలోనే పడిపోయే విలువ. పోయినేడాది పాత కారు మీద పెట్టిన డబ్బు ఏ గడిలోనూ రాయకండి, అది ఎటూ తిరిగి రాదు.

మైలేజ్ బాగా వస్తుందని కొత్తది కొనేవాళ్లు ఈ చిన్న లెక్క చూడండి. రోజుకి 40 కిలోమీటర్ల చొప్పున నెలకి 25 రోజులు తిరిగితే 1000 కిలోమీటర్లు. లీటరుకి 12 ఇచ్చే కారుకి 83 లీటర్లు, 18 ఇచ్చేదానికి 56 లీటర్లు. నెలకి మిగిలేది 27, 28 లీటర్లే. ఆ ఇంధనం డబ్బుని కొత్త కారు నెల వాయిదాతో పోల్చి చూడండి.

4. ఎన్నిసార్లు దారిలో ఆగింది?

గత ఏడాదిలో ఎన్నిసార్లు ఆగిందో, ఎందుకు ఆగిందో రాయండి. ఒకే సమస్య మూడుసార్లు వస్తే అసలు కారణం ఇంకా దొరకలేదని అర్థం, మెకానిక్‌ని మార్చండి. మూడుసార్లు మూడు వేరే సమస్యలైతే కారుకే వయసు మీద పడింది. ఆరు నెలల్లో రెండుసార్లు వేర్వేరు కారణాలతో నడిరోడ్డు మీద ఆగితే నేనైతే వేరే కారు చూసుకుంటాను, రాత్రిళ్లు ఒంటరిగా ఇంటికొచ్చేవాళ్లయితే అంతవరకు కూడా ఆగొద్దు.

ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లేని కారుతో రోజూ హైవే ఎక్కేవాళ్లకి, లెక్కలు పాతదే మేలని చెప్పినా, మార్చేయమనే చెప్తాను. వాటిని తర్వాత బిగించుకోవడం దాదాపు కుదరదు.

5. తేలాక

ఉంచుకుంటే పనులు కలిపి చేయించండి. క్లచ్ విప్పినప్పుడే దాంతో పనిచేసే రిలీజ్ బేరింగ్, టైమింగ్ బెల్ట్ మార్చేటప్పుడే దాంతో తిరిగే వాటర్ పంపు మారిస్తే రెండోసారి విప్పే కూలీ తప్పుతుంది. ఏడాదికి ఇంతకు మించి పెట్టనని ఒక అంకె ఇప్పుడే రాసి దాచుకోండి.

అమ్మేస్తే, అమ్మే ముందు పెద్ద రిపేర్ చేయించకండి, ఆ డబ్బు రేటులో పూర్తిగా రావడం అరుదు. లోపం దాచకుండా చెప్పి, ఎస్టిమేట్ కాగితం కొనేవాళ్ల చేతికే ఇవ్వండి, దాన్ని బట్టే బేరం ఆడుకోనివ్వండి. కారు రికార్డుల్లో వాళ్ల పేరు మీదకి మారినట్టు మీ కళ్లతో చూసేదాకా కాగితాల కాపీలు మీ దగ్గర ఉంచుకోండి.