చెరువు మట్టి పొలానికి చేరాలంటే ముందు ఎవరిని పిలవాలి?

వేసవి మొదలవగానే, చెరువు పూడిక తీసి పొలాలకు తోలాలని చుట్టుపక్కల ఊళ్ల యువజన సంఘాల పిల్లలు నాకు ఫోను చేస్తారు. "మాస్టారూ, జేసీబీ గంటకు ఎంతకు మాట్లాడారు?" అంటారు. అది చివర అడగాల్సిన ప్రశ్న. చెరువును నమ్ముకుని ఎవరెవరు బతుకుతున్నారో ముందు రాసుకోండి.

మట్టి కావలసిన రైతు పిలవకపోయినా వస్తాడు. పిలవాల్సింది శిఖంలో, అంటే నీరు తగ్గాక బయటపడే చెరువు నేలలో, దోస, పుచ్చ వేసుకునే వారిని, మత్స్యకార సంఘాన్ని, గొర్రెల కాపరులను, కుమ్మరులను. వారి ఇళ్లకు వెళ్లి అడగండి. చేపల వారు ఎండాకాలంలోనూ నీరు నిలిచే మడుగు ఒకటి వదలమంటారు. కాపరులు పశువులు దిగే దారి ఏటవాలుగా ఉండాలంటారు, నిలువుగా తవ్విన గోతిలో గొర్రె పడితే పైకి రాలేదు మరి. ఈ షరతులన్నీ గ్రామసభ తీర్మానంలోకి ఎక్కాలి. ఆ తీర్మానంతోనే నీటిపారుదల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) దగ్గర అనుమతి తీసుకోండి.

తవ్వే హద్దును ఏఈతోనే సున్నంతో గీయించండి. కట్ట మొదట్లో తవ్వితే కట్ట బలహీనపడుతుంది, ఊట పెరుగుతుంది. తూము మట్టం కంటే లోతుకు పోతే అక్కడ నిలిచిన నీరు కాలువకెక్కదు. నల్లని పూడిక అయిపోయి మొరం, అంటే కంకర నేల, తగలగానే ఆపేయాలి. మొరం పొలానికి పనికిరాదు, పైగా ఆ పొర బయటపడితే చెరువు నీరు ఇంకిపోతుంది.

2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు తవ్వకం ఖర్చు ప్రభుత్వానిది, మోత ఖర్చు రైతుది. ఊరే పూనుకుంటే రెండూ మన మీదే పడతాయి కాబట్టి లెక్క ముందే తెలియాలి. ఎకరమంతా అంగుళం మందాన పరచాలంటే సుమారు 100 ఘనమీటర్ల మట్టి కావాలి. ట్రాలీకి 3 ఘనమీటర్లు పడితే 34 ట్రిప్పులు. ఎర్ర చెల్క, ఇసుక నేలలకు ఈ మట్టి ప్రాణం పోస్తుంది, తేమను పట్టి ఉంచుతుంది. నల్లరేగడికి తోలడం డబ్బు దండగ. పూడిక ఆరాక పైన తెల్లటి పొర కనిపిస్తే చౌడు ఉండవచ్చు. నాలుగు చోట్ల నమూనాలు తీసి కృషి విజ్ఞాన కేంద్రంలో పరీక్ష చేయించాకే తోలండి.

ఇక యువత. కుర్రవాళ్లకు జెండాలు, టీ పంపిణీ అప్పగిస్తే రెండో రోజుకే విసుగెత్తుతుంది. వారి చేతికి ట్రిప్పుల రిజిస్టరు ఇవ్వండి. ఏ ట్రాక్టరు, ఎవరి పొలానికి, ఎన్నోసారి అన్నది ఇద్దరు రాయాలి, వారిలో ఒకరు ఆడపిల్ల అయితే మరీ మంచిది. సాయంత్రం రచ్చబండ దగ్గర ఆ రోజు లెక్క పైకి చదవాలి. పెద్ద రైతుకు ఎక్కువ పోయిందన్న గుసగుస అక్కడే తేలిపోతుంది. ఇంటర్ చదివే అమ్మాయి నిలబడి సర్పంచి పొలం లెక్క కూడా చదివితే ఊరు ఆమెను చూసే తీరు మారుతుంది. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైనది అదే.

పని మృగశిర కార్తెకు ముందే ముగించండి. మట్టి తోలిన ప్రతి చేలో ఒక గుంట నేలను (ఎకరంలో నలభయ్యో వంతు) మట్టి వేయకుండా వదలమనండి. పంట కోసినప్పుడు ఆ గుంట దిగుబడిని, పక్క గుంట దిగుబడిని యువకులే తూచి బడి గోడ మీద రాయాలి. వచ్చే వేసవిలో మట్టి కోసం ముందుకు వచ్చే రైతులు ఆ గోడ చూసే వస్తారు.