బయటి దేశం పార్సిల్‌కు కస్టమ్స్ పడితే ఏం జేయాలె

వెబ్‌సైట్ల రేటు జూసి ఆర్డర్ కొట్టుడు కాదు, ఇంటికొచ్చే వరకు ఎంతయితదో ముందే లెక్కగట్టుకోవాలె. మస్తుమంది డ్యూటీ (కస్టమ్స్ పన్ను) అంటే వస్తువు ధర మీదనే అనుకుంటరు, షిప్పింగు, ఇన్సూరెన్సు గూడ కలిపిన మొత్తం మీద పడ్తది. డాలర్ రేటు గూగుల్ల జూపిచ్చేది కాదు, కస్టమ్స్‌ను నడిపే కేంద్ర బోర్డు సీబీఐసీ ప్రకటించే రేటు తీస్కుంటరు.

లెక్క గిట్ల ఉంటది. షిప్పింగుతో కలిపి 5000 అయిందనుకోండి, బేసిక్ డ్యూటీ 10 శాతం అనుకుంటే 500, ఆ 500 మీద పది శాతం సర్‌చార్జి 50, ఇప్పుడు మొత్తం 5550 మీద ఐజీఎస్‌టీ (దిగుమతి సామాను మీద పడే జీఎస్‌టీ) 18 శాతం అంటే 999. పన్నులన్నీ కలిపితే 1549 రూపాయలు. పన్ను మీద పన్ను గిట్ల ఎక్కుతది కాబట్టే బిల్లు జూసి గుండె ఆగినంత పనయితది. శాతాలు వస్తువును బట్టి ఉంటయి, బడ్జెట్ల మారుతుంటయి, కాబట్టి ఆర్డర్ పెట్టే నెలల ఉన్న రేటే సూస్కోండి. ప్రింటెడ్ పుస్తకాలకైతే ఐజీఎస్‌టీ లేదు, 2019 బడ్జెట్ల 5 శాతం డ్యూటీ మాత్రం పెట్టిండ్రు.

ఇగ గిఫ్ట్ సంగతి. "డబ్బా మీద గిఫ్ట్ అని రాయి, ఏం పడది" అని అమెరికాల ఉన్న బిడ్డకు మన హన్మకొండ అమ్మలు ఇప్పటికీ ఫోన్ల చెప్తనే ఉంటరు. 2019 డిసెంబర్ల గిఫ్టులకు డ్యూటీ లేకుండ తెప్పిచ్చుకునే ఆ సౌకర్యం తీసేసిండ్రు. ప్రాణం కాపాడే మందులకు, రాఖీకి మాత్రమే మినహాయింపు ఉంది, రాఖీతోని పంపే చాక్లెట్లు, షర్టులకు లేదు. గిఫ్ట్ పంపొచ్చు, డ్యూటీ కట్టాలె, అంతే. ధర తక్కువ రాయమని మాత్రం దయచేసి ఎవ్వరికీ చెప్పకుండ్రి, అనుమానమొస్తే ఆఫీసర్లు వాళ్లే విలువ వేస్తరు, పార్సిల్ ఆగుతది, పెనాల్టీ గూడ పడొచ్చు.

పోస్టుల వస్తే ట్రాకింగ్ నంబరు రెండు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివరకు దేశం కోడ్ రెండక్షరాలు ఉంటది, ఇండియా పోస్టు సైట్ల కొట్టి చూడొచ్చు. డ్యూటీ పడితే పార్సిల్ ఇచ్చేటప్పుడు పోస్టాఫీసోళ్లే తీస్కుంటరు, రసీదు అడిగి తీస్కోండి. డీహెచ్‌ఎల్, ఫెడెక్స్ లాంటి కొరియర్ల వస్తే తొందరగ వస్తది గని కేవైసీ అడుగుతరు, డ్యూటీ వాళ్లు ముందుగాల కట్టినందుకు వాళ్ల ఫీజు వేరే ఉంటది. చిన్న సామాను తెప్పిచ్చుకునేటోళ్లకు నేనైతే పోస్టే మంచిదంట.

ఆర్డర్ చేసిన్నాడే ఇన్‌వాయిస్, కార్డు పేమెంట్ స్క్రీన్‌షాట్, వస్తువు లింకు ఒక ఫోల్డర్ల పెట్టుకోండి, కస్టమ్స్ నుంచి ఏమన్నా అడిగితే అదే రోజు పంపొచ్చు, లేటయిన కొద్ది డెమరేజ్ (సామాను గోదాంల ఉంచినందుకు కిరాయి) పెరుగుతది. డ్యూటీ ఎక్కువేసిండ్రనిపిస్తే పైసలు కట్టకముందే కొరియర్ వాళ్లను బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రం) కాపీ అడగండి, అందుల ఏ హెచ్‌ఎస్ కోడ్ (వస్తువు రకం జెప్పే నంబరు) కింద వేసిండ్రో ఉంటది, మన వస్తువు అదేనా కాదా సూస్కోండి, తప్పుంటే ఆధారాలతోని మెయిల్ పెట్టండి.

కొన్ని అసలు తెప్పియ్యొద్దు. డ్రోన్ల దిగుమతి 2022 ఫిబ్రవరి నుంచి బంద్, ఈ సిగరెట్లు 2019 నుంచి నిషేధం, విత్తనాలు, మొక్కలకు పర్మిట్ కావాలె. ఎన్‌ఐటీ తమ్ముళ్లు ప్రాజెక్టుకని డ్రోన్ బుక్ చేసే ముందు ఇది చదవండి.

ఇంకోటి, మీరు ఏదీ ఆర్డర్ చెయ్యకున్నా "మీ పార్సిల్ కస్టమ్స్‌ల ఆగింది, ఈ నంబర్‌కు యూపీఐ కొట్టండి" అని ఫోన్ వస్తే అది పక్కా మోసం. కస్టమ్స్ ఆఫీసు ఎవరి సొంత అకౌంట్లకూ పైసలు పంపమనది. డిపార్ట్‌మెంట్ లెటర్లకు డిన్ అనే గుర్తింపు నంబర్ ఉంటది, సీబీఐసీ సైట్ల కొట్టి అసలుదో నకిలీదో తేల్చుకోవచ్చు. ఇప్పటికే పంపినట్టయితే సిగ్గుపడి ఊకోకుండ్రి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి కంప్లైంట్ రాపియ్యండి, బ్యాంకుకు గూడ చెప్పండి.